కడప నుంచి గల్ఫ్‌కు చుట్టపుచూపుగా పోతున్నారా? ఇవి చూసుకుని బయల్దేరండి

కడప, రాయచోటి, రాజంపేట, బద్వేలు వైపు గల్ఫ్ మాట వినని ఊరు ఉండదు. ఒకప్పుడు పనికి పోయేవాళ్లే ఎక్కువ. ఇప్పుడు అక్కడ కుదురుకున్న పిల్లలు అమ్మానాన్నలను, అత్తమామలను విజిట్ వీసా మీద పిలిపించుకుంటున్నారు. పనికి పోయేవాళ్లకు ఏజెంటో, ముందు పోయిన బావమరిదో నాలుగు మాటలు చెప్పి పంపిస్తాడు. చూడటానికి పోయేవాళ్లకు మాత్రం "ఏముంది, మన పిల్లోడి ఇల్లే కదా" అని ఎవరూ ఏమీ చెప్పరు. ఇది వాళ్ల కోసం.

కడపలో పుట్టి పెరిగినవాళ్లకు ముస్లిం ఇంటి మర్యాద కొత్తగా నేర్పాల్సిన పని లేదు. పెద్ద దర్గా ఉరుసుకు మనం పోతాం, ఉగాది రోజు దేవుని కడప గుడికి వాళ్లు వస్తారు. చెప్పులు బయట విడవడం, కుడిచేత్తో తినడం, పెద్దాయన కనిపిస్తే సలాం చెప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటే. తేడా ఎక్కడంటే, ఇక్కడ మర్యాద తప్పితే ఎవరో ఒకరు కసురుకుని వదిలేస్తారు. అక్కడ కొన్ని మర్యాదలు చట్టంలో రాసి ఉన్నాయి. మీరు తప్పు చేస్తే ఆ చిక్కు మీతో ఆగదు, మిమ్మల్ని పిలిపించుకున్న కొడుకు మీదికో కూతురి మీదికో పోతుంది. అందుకే ఇందులో మర్యాదలకంటే చట్టం మాటలే ఎక్కువ ఉంటాయి.

ఇంకొక మాట. గల్ఫ్ అంతా ఒకే తీరు కాదు. కువైట్‌లో మద్యం పూర్తిగా నిషేధం. దుబాయ్‌లో లైసెన్సున్న హోటళ్లలో దొరుకుతుంది. దుబాయ్‌ని ఆనుకుని, అదే దేశంలో, అంటే యూఏఈలోనే ఉన్న షార్జాలో మళ్లీ నిషేధం. కాబట్టి "దుబాయ్‌లో మావాళ్లు ఇట్లా చేశారు" అన్న మాట నమ్మి కువైట్‌లో అట్లాగే చేయవద్దు.

మొదట తేదీలు చూసుకోండి

టికెట్ కొనేముందు రంజాన్ ఎప్పుడు వస్తుందో చూడండి. చంద్రమానం కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి నడుమ మొదలైంది, 2027లో ఫిబ్రవరి రెండో వారంలో రావాలి. రంజాన్‌లో పోకూడదని కాదు. సాయంత్రం ఇఫ్తార్ తర్వాత ఆ ఊళ్లకు వచ్చే కళ వేరు, అర్ధరాత్రి దాకా బజార్లు కిటకిటలాడతాయి. కానీ పగలు ఆఫీసులు తక్కువ గంటలు పనిచేస్తాయి, చాలా హోటళ్లు మూసి ఉంటాయి. షుగర్ ఉండి రెండు గంటలకొకసారి ఏదో ఒకటి తినాల్సిన పెద్దవాళ్లకు ఆ నెలలో బయట తిరగడం ఇబ్బంది.

తర్వాత ఎండ. "మాకు ఎండ గురించి చెబుతారా" అని కడపవాళ్లు నవ్వుతారు. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. దుబాయ్ వైపు అంత వేడి లేకపోయినా సముద్రపు ఉక్క ఉంటుంది, బయట పది నిమిషాలు నిలబడితే చొక్కా తడిసిపోతుంది. నవంబరు నుంచి మార్చి దాకా హాయిగా ఉంటుంది. ఏ నెలలో పోయినా ఒక శాలువా పెట్టుకోండి. మాల్స్‌లో, బస్సుల్లో ఏసీ చలికి మోకాళ్లు పట్టేస్తాయి.

వారం లెక్క కూడా తెలుసుకోండి. కువైట్, ఒమన్, సౌదీ, ఖతర్‌లలో సెలవు శుక్ర, శనివారాలు. యూఏఈలో 2022 జనవరి నుంచి శని, ఆదివారాలకు మార్చారు, శుక్రవారం సగం రోజు పని. గడియారం యూఏఈ, ఒమన్‌లలో మనకంటే గంటన్నర వెనక, కువైట్, సౌదీ, ఖతర్, బహ్రెయిన్‌లలో రెండున్నర గంటలు వెనక. ఊళ్లో ఉన్నవాళ్లకు ఈ సంగతి చెప్పి పోండి. లేకపోతే మనకు తెల్లవారి ఐదున్నరకు చెల్లెలు ఫోన్ చేస్తుంది, అక్కడ మూడవుతుంటుంది.

కాగితాలు

పాస్‌పోర్ట్‌కు ఇంకా ఆరు నెలలకు పైగా గడువు ఉండాలి. అది అందరికీ తెలిసిందే. చాలామందికి తెలియని చిక్కు పేరు దగ్గర వస్తుంది. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో కొన్నిటికి ఒక్క పేరే ఉంటుంది, ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఇలా ఒకే పేరుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. మీ పాస్‌పోర్ట్ తీసి ఇప్పుడే చూడండి. ఒక్క పేరే ఉంటే టికెట్ కొనకముందే ఇంటిపేరు చేర్పించుకోండి.

ఇంకొకటి ఈసీఆర్ ముద్ర, అంటే ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమని చెప్పే ముద్ర. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్‌లో ఉంటుంది. పనికి పోయేవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. చూడటానికి పోయేవాళ్లకు అక్కర లేదు గానీ, వీసాతోపాటు తిరుగు టికెట్ చూపించాలి. యాభై ఏళ్లు దాటినవాళ్లకు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు ఈ ముద్ర లేని పాస్‌పోర్టే ఇస్తారు. కొత్తది తీసుకునేటప్పుడు ఆ సంగతి అడగండి.

వీసా గడువు దాటి ఒక్కరోజు కూడా ఉండకండి. యూఏఈలో రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. కువైట్‌లో అయితే పిలిపించుకున్నవాళ్లకు ఇకముందు ఎవరినీ పిలిపించుకునే వీలు లేకుండా పోవచ్చు. విజిట్ వీసా మీద పనిచేయడం నేరం. "ముందు విజిట్ మీద పంపిస్తా, పోయినాక మారుస్తా" అనే ఏజెంట్లు మన జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట చెప్పినవాడికి పాస్‌పోర్ట్ ఇవ్వకండి.

పెట్టె సర్దడం: ఇక్కడే సగం కష్టం

మన వంటింట్లో ఉన్నవన్నీ అక్కడికి పోవు. అన్నిటికంటే ముందు గసగసాలు. కోడికూర మసాలాలో, కుర్మాలో మనం చిటికెడు వేసుకునే ఈ గింజలు యూఏఈ, సౌదీ వంటి దేశాల్లో మాదకద్రవ్యాల లెక్కలోకి వస్తాయి, ఎందుకంటే ఇవి నల్లమందు మొక్క గింజలు. విడిగా తీసుకుపోవడం మానేయడమే కాదు, ఇంట్లో దంచిన మసాలాపొడిలో కలిపారా అని కూడా ఆలోచించండి. అమ్మ ప్రేమగా చేసిచ్చిన గరంమసాలా డబ్బా ఉంటే, అందులో ఏమేమి వేసిందో అడిగి తెలుసుకోండి.

తమలపాకులు, వక్కపొడి, జర్దా, గుట్కా వద్దు. దుబాయ్‌లో పాన్ అమ్మకం నిషేధం. ఆకు నమలకుండా పూట గడవని తాతలు, అవ్వలు ఉంటే ఈ మాట నెల ముందే చెప్పి అలవాటు తగ్గించాలి. పోయినాక చెబితే ఇంట్లో గొడవే.

ఎండుకొబ్బరి చిప్పలు అక్కడ నేరం కాదు గానీ విమానంలో పెట్టనివ్వరు. అందులో నూనె ఎక్కువ, అంటుకునే గుణం ఉందని మన విమానాశ్రయాల్లోనే తీసేయిస్తారు. ఊరగాయ, నెయ్యి చేతిసంచిలో పెట్టవద్దు. బాగా మూత బిగించి, రెండు కవర్లు చుట్టి, లోపలికి పోయే పెట్టెలో పెట్టండి. వేరుశనగ పొడి, కందిపొడి, ఉగ్గానికి బొరుగులు, ఇవన్నీ నిశ్చింతగా తీసుకుపోవచ్చు. పొట్లం మీద పేరు రాయండి. కస్టమ్స్‌లో ఉండే అరబ్బీవాడికి ఎర్రకారం, బెల్లంపొడి ఏదో తెలియదు.

మందుల విషయం ఇంకా ముఖ్యం. మోకాళ్ల నొప్పికి ఇచ్చే ట్రమడాల్, దగ్గుమందుల్లో ఉండే కోడీన్, నిద్ర కోసం వేసుకునే అల్‌ప్రజోలామ్, డయాజెపామ్ అక్కడ నియంత్రిత మందులు. షుగర్ వల్ల కాళ్లు మంటలు పుడుతుంటే మన డాక్టర్లు మామూలుగా రాసే ప్రీగాబలిన్ కూడా యూఏఈలో అదే జాబితాలో ఉంది. చాలామంది పెద్దవాళ్లు వాడే మాత్ర ఇది, అందులో ఏముందో తెలియకుండానే వేసుకుంటుంటారు. అందుకని ఇలా చేయండి. మీరు వాడే మాత్రలన్నీ మీ డాక్టరు ముందు పెట్టి, "వీటిలో గల్ఫ్‌లో అభ్యంతరం ఉన్నవి ఏవి, బదులు వేరేవి రాయగలరా" అని అడగండి. మార్చలేనివి ఉంటే మీ పిల్లలతో ఆ దేశ ఆరోగ్యశాఖ వెబ్‌సైట్‌లో ముందే అనుమతి పెట్టించండి. ప్రిస్క్రిప్షన్ ఇంగ్లీషులో, డాక్టర్ సంతకం, ముద్రతో ఉండాలి. మాత్రలు కొన్న స్ట్రిప్‌లోనే ఉండాలి. వారానికి సరిపడా గడుల డబ్బాలో పోసుకునే అలవాటు ఉంటే ఇల్లు చేరేదాకా పక్కన పెట్టండి.

ఇక పార్సెళ్లు. మీరు కువైట్ పోతున్నారని తెలిస్తే వీధి వీధంతా వస్తుంది. "మా అమ్మాయికి ఈ కారప్పొడి", "మా తమ్ముడికి ఈ చెప్పులు". మొహమాటం ఉంటుంది, కాదనలేరు. తీసుకోండి, కానీ ఇచ్చినవాళ్ల ఎదురుగానే విప్పి చూసి, మీ చేత్తో మళ్లీ సర్దండి. పచ్చడి డబ్బాల్లో గంజాయి దాచి పంపితే తెలియక మోసుకుపోయి జైల్లో పడినవాళ్ల కథలు వార్తల్లో వచ్చాయి. విప్పవద్దని పట్టుబట్టినవాళ్లది, కుట్టేసి ఇచ్చినవాళ్లది, విమానాశ్రయంలో కొత్తగా పరిచయమై "నా దగ్గర బరువెక్కువైంది, ఈ ఒక్క సంచి పట్టుకోండి" అన్నవాళ్లది ముట్టుకోకండి. ఎవరో అనుకుంటారని భయపడవద్దు, అనుకోనీయండి.

బంగారం కొంచెమే వేసుకుని పోండి. తాళి, గాజులు, కమ్మలు చాలు. ఎక్కువ వేసుకోవాలనుకుంటే, బయల్దేరేటప్పుడు మన విమానాశ్రయ కస్టమ్స్ దగ్గర వాటిని చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. అది లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు అక్కడ కొన్నారేమో అని అడుగుతారు.

బట్టలు

చీర, చుడీదార్ ఎక్కడికైనా బాగుంటాయి. బొట్టు, మంగళసూత్రం వల్ల ఏ ఇబ్బందీ లేదు. భుజాలు, మోకాళ్లు కప్పి ఉంటే చాలు. మగవాళ్లు ఇంట్లో లుంగీ కట్టుకోండి, లిఫ్ట్ దాకా వద్దు. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం లుంగీతో కిందకు దిగడం మన పెద్దవాళ్లకు అలవాటు, అక్కడ అపార్ట్‌మెంట్‌లో చూసేవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. బాల్కనీలో బట్టలు ఆరేస్తే చాలా చోట్ల జరిమానా ఉంది. అంత ఎండ చూసి ఒడియాలు పెట్టాలని చేతులు దురద పెడతాయి, కానీ బాల్కనీ మీద మునిసిపాలిటీ కన్ను ఉంటుంది.

అరబ్బు ఇంటికి పోవలసి వస్తే

కొడుకు పనిచేసే చోట పెద్దమనిషి భోజనానికి పిలవవచ్చు. లేదా మన ఊరి అమ్మాయి అక్కడ ఒక ఇంట్లో ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా చేస్తూ ఉంటే, వాళ్లమ్మ ఇచ్చిన పార్సెల్ ఇవ్వడానికి మీరు పోవలసి రావచ్చు. ఈ రెండూ వేరు వేరు పనులు.

భోజనానికి పోతే ముందు గదిలో, మజ్లిస్‌లో కూర్చోబెడతారు. మగవాళ్లు, ఆడవాళ్లు వేరు వేరుగా కూర్చోవడం మామూలు. దంపతులుగా పోయినా విడివిడిగా తీసుకుపోతే కంగారు పడవద్దు. "అస్సలాము అలైకుం" అంటే "వ అలైకుం అస్సలాం" అని చెప్పండి. కడపలో పెరిగినవాళ్లకు నోరు తిరగనిదేమీ కాదు. ఆడవాళ్లకు మగవాళ్లు చెయ్యి చాపవద్దు. వాళ్లే చాపితే కలపండి, లేదంటే గుండెల మీద చెయ్యి పెట్టి తల వంచితే సరిపోతుంది.

గహ్వా అనే చేదు కాఫీ, ఖర్జూరాలు ముందు వస్తాయి. ఇక్కడ మన మొహమాటం పనికిరాదు. మన ఇళ్లలో రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకోవడం మర్యాద. అక్కడ మొదటి కప్పు వద్దంటే పిలిచినాయన నొచ్చుకుంటాడు. కుడిచేత్తో తీసుకోండి. కప్పులో అడుగున కొంచెమే పోస్తారు, తక్కువ పోశారని అనుకోవద్దు, అదే పద్ధతి. చాలనుకున్నప్పుడు ఖాళీ కప్పును అటూ ఇటూ కదిపి ఇవ్వండి. ఊరికే పెట్టేస్తే మళ్లీ పోస్తూనే ఉంటారు.

ఒకే పెద్ద పళ్లెంలో అన్నం, మాంసం పెట్టి చుట్టూ కూర్చుని తింటారు. మన మండీ హోటళ్ల పుణ్యమా అని ఇది కూడా కొత్త కాదు. మీ ముందున్న వైపు నుంచే తినండి. మాంసం తినకపోతే ముందే కొడుకుతో చెప్పించండి, కూర్చున్నాక చెబితే వాళ్లు తల్లడిల్లిపోతారు. అరికాళ్లు ఎదుటివాళ్ల వైపు చూపిస్తూ కాలు మీద కాలు వేసుకోవద్దు.

ఏం మాట్లాడాలి? కుటుంబం బాగుందా అని మొత్తంగా అడగండి. "మీ ఆవిడ ఎలా ఉన్నారు, ఆడపిల్లలకు పెళ్లిళ్లయినాయా, జీతం ఎంత" అనే మన పలకరింపులు మానుకోండి. మొదటి రెండూ వాళ్ల ఇంటి ఆడవాళ్ల సంగతి, మగవాళ్లు బయటివాళ్లతో మాట్లాడరు. ఇంట్లో ఏదైనా వస్తువు బాగుందని మరీ మెచ్చుకుంటే అది మీకే ఇచ్చేయబోతారు. పిల్లలను మెచ్చుకునేటప్పుడు "మాషా అల్లా" అని కలపండి.

వట్టి చేతులతో పోవద్దు. నేతి మిఠాయి మంచిది. తిరుపతి లడ్డు ఇవ్వాలనిపిస్తే అది గుడి ప్రసాదమని ముందే చెప్పండి. కొందరు తీసుకుంటారు, కొందరు తినరు. చెప్పకుండా ఇవ్వడం మాత్రం తప్పు.

ఇక రెండో పని. ఖద్దామాగా చేసే అమ్మాయికి పార్సెల్ ఇవ్వాలంటే నేరుగా ఆ ఇంటి గంట నొక్కవద్దు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఆమె ఇంటి మామాను, అంటే యజమానురాలిని, అడిగి రమ్మన్నప్పుడే పోండి. మగవాళ్లు ఒంటరిగా పోకుండా ఇంట్లో ఆడవాళ్లను వెంట తీసుకుపోండి. గుమ్మం దగ్గరే ఇచ్చి, క్షేమం అడిగి, పిలిస్తే తప్ప లోపలికి పోవద్దు. సంచి విప్పి చూస్తామంటే విప్పి చూపించండి. మీ వల్ల ఆ అమ్మాయికి ఆ ఇంట్లో మాట పడితే, మీరు వచ్చేసినాక కూడా ఆమె అక్కడే ఉండాలి. ఇంకా మంచి దారి ఏమంటే, ఆమెకు సెలవు దొరికిన రోజు మన తెలుగువాళ్లు చేరే చోట కలవడం. అట్లాగే, ఆమె ఏదైనా కష్టం చెప్పుకుంటే అక్కడికక్కడ యజమానితో వాదనకు దిగవద్దు. వివరాలు రాసుకుని భారత రాయబార కార్యాలయానికి చెప్పండి. విదేశాంగశాఖ వాళ్ల మదద్ పోర్టల్‌లో ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు కూడా ఫిర్యాదు పెట్టవచ్చు.

ఫోన్, ఫోటోలు, రోడ్డు

మన చేతిలో ఫోన్ ఉంటే కనిపించినదంతా తీసి గ్రూపులో పెడతాం. అక్కడ తెలియనివాళ్ల ఫోటో, ముఖ్యంగా ఆడవాళ్లది, అడగకుండా తీయడం నేరం. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద పెద్ద జరిమానాలే కాదు, జైలు కూడా ఉంది. బుర్కాలో ఉన్న ఆమెను "ఇక్కడి వేషం" అని తీసి ఊరికి పంపడం ఎంత మాత్రం వద్దు. రాజభవనాలు, మిలటరీ చోట్లు, చమురు కేంద్రాలు, విమానాశ్రయ తనిఖీలు కూడా తీయవద్దు.

వాట్సాప్‌లో తిట్టినా, మతాన్ని కించపరిచే మెసేజ్ ఫార్వర్డ్ చేసినా కేసే. ఇస్లాంను కించపరిచే పోస్టులు పెట్టినందుకు 2020లో యూఏఈలో కొందరు భారతీయుల ఉద్యోగాలు పోయాయి. బయల్దేరేముందు ఫోన్ తీసి, రాజకీయ గొడవల గ్రూపుల నుంచి బయటికి రండి. బంధువుల గ్రూపులో అట్లాంటివి పంపే పెద్దమనిషి ఒకరైనా ఉంటారు. తిరిగి వచ్చేదాకా ఆయన్ను మ్యూట్‌లో పెట్టండి. యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి గానీ కాల్స్ మామూలుగా కలవవు. బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్ ఒకటి ఊళ్లోవాళ్ల ఫోన్లలో కూడా వేయించి పోండి, లేకపోతే ఇంట్లోవాళ్లకు టెన్షన్.

టాక్సీ డ్రైవర్లు చాలామంది పాకిస్తానీలు, బంగ్లాదేశీలు. మన కడప ఉర్దూ బాగానే పనికొస్తుంది. క్రికెట్ మాట్లాడుకోండి, కశ్మీర్ వద్దు. అక్కడి రాజకుటుంబాల గురించి మంచిగానైనా చెడ్డగానైనా వ్యాఖ్యానాలు అనవసరం.

రోడ్డు దాటడం మన వన్‌టౌన్‌లోలా కుదరదు. యూఏఈలో గీతలు లేనిచోట దాటితే 400 దిర్హమ్‌లు. దుబాయ్ మెట్రోలో తిన్నా, నీళ్లు తాగినా, ఆడవాళ్ల పెట్టెలో మగవాళ్లు ఎక్కినా 100 దిర్హమ్‌లు. మనవరాలి కోసం బ్యాగులోంచి మురుకులు తీసే ముందు దిగేదాకా ఆగండి.

డబ్బు లెక్క: దిర్హమ్‌కు 100 ఫిల్స్, కువైట్ దీనార్‌కు మాత్రం 1000 ఫిల్స్. అందుకే కువైట్ బిల్లులో చుక్క తర్వాత మూడు అంకెలు కనిపిస్తాయి. ధర చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ దీనార్ లోకంలోకెల్లా ఖరీదైన కరెన్సీ. మొదటి వారం ప్రతిదీ రూపాయల్లోకి మార్చి గుండె బాదుకోవడం తప్పదు.

రంజాన్‌లో అక్కడ ఉంటే

కువైట్‌లో ఉపవాస వేళల్లో బయట అందరికీ కనిపించేలా తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం నేరం. 1968 నాటి చట్టం ప్రకారం 100 దీనార్ల దాకా జరిమానా, నెల దాకా జైలు ఉంది. ఈ నియమం అన్ని మతాలవాళ్లకూ. కారులో కూర్చుని నీళ్లు తాగినా బయటికి కనిపిస్తే బయట తాగినట్టే. దుబాయ్‌లో ఈ మధ్య సడలించారు, హోటళ్లు పగలు తెరిచే ఉంటాయి. అయినా ఉపవాసం ఉన్నవాళ్ల ఎదుట నమలడం మన ఊళ్లోనే చేయం, అక్కడ మాత్రం ఎందుకు చేస్తాం? షుగర్ మాత్ర వేసుకోవలసివస్తే ఇంట్లోనో, రెస్ట్‌రూమ్‌లోనో వేసుకోండి. సాయంత్రం సరిగ్గా మగ్రిబ్ వేళకు, అంటే పొద్దుగూకే నమాజుకు ముందు రోడ్డెక్కకండి. ఇల్లు చేరాలని అందరూ తొందరగా నడుపుతుంటారు.

మసీదులు, మన పూజలు

మసీదు చూడాలనుకుంటే మూడు మంచి చోట్లు ఉన్నాయి. అబుదాబిలో 2007లో తెరిచిన షేక్ జాయెద్ గ్రాండ్ మసీదుకు అన్ని మతాలవాళ్లూ పోవచ్చు, ఉచితం, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదులో ముస్లిమేతరులను శనివారం నుంచి గురువారం దాకా ఉదయం 8 నుంచి 11 లోపల రానిస్తారు. దుబాయ్‌లో జుమేరా మసీదును మనిషి దగ్గరుండి చూపిస్తాడు, ఏ ప్రశ్న అడిగినా విసుక్కోకుండా చెబుతారు. శుక్రవారం మధ్యాహ్నం ఎక్కడికీ పెట్టుకోవద్దు. ఆడవాళ్లు తల, చేతులు, మడమల దాకా కప్పుకోవాలి. చీర కట్టుకుంటే నడుము కనిపించకుండా పైన ఏదైనా వేసుకోండి.

దర్గా అలవాటున్న మనకు ఒక జాగ్రత్త. పెద్ద దర్గాలో పూలచాదర్ ఇస్తాం, చక్కెర పంచుతాం, ఊదొత్తి వెలిగిస్తాం, నెమలి ఈకలతో తల మీద దీవెన తీసుకుంటాం. అక్కడ మసీదులో ఇవేవీ ఉండవు. కొబ్బరికాయ, పూలు, అగరుబత్తి తీసుకుపోవద్దు. సమాధి ఎక్కడుందని అడగవద్దు, మొక్కవద్దు. నమాజు చేసేవాళ్ల ముందు నుంచి నడవవద్దు. పీర్ల పండుగ లాంటిది అక్కడ వెతకవద్దు. మన ముస్లిం సోదరులు కూడా కొందరు మొదటిసారి పోయినప్పుడు ఈ తేడా చూసి ఆశ్చర్యపోతారు. సౌదీ పోతే, మక్కా నగరంలోకి ముస్లిమేతరులకు ప్రవేశం లేదని గుర్తుంచుకోండి.

గుడికి పోవాలనిపిస్తే అబుదాబిలో 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైన బాప్స్ మందిరం, దుబాయ్ జెబెల్ అలీలో 2022లో తెరిచిన గుడి, మస్కట్ ముత్రాలో పాత శివాలయం ఉన్నాయి. ఇంట్లో దీపం పెట్టుకోవచ్చు. గంటలు, మైకులు, వాకిట్లో ముగ్గులు లేకుండా చూసుకోండి. క్రైస్తవులకు కువైట్ సిటీలో చర్చిలున్నాయి, సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధనలు ఎక్కువగా ఆ రోజే పెడతారు. ఏ మతంవారైనా ముస్లింలకు తమ మతం బోధించడం, కరపత్రాలు పంచడం చేయవద్దు.

ఆపద వస్తే

యూఏఈలో పోలీసులకు 999, అంబులెన్స్‌కు 998. కువైట్‌లో అన్నిటికీ 112. ఒమన్‌లో 9999. ఇవీ, కొడుకు నంబరూ, ఇంటి చిరునామా ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్ అయిపోతే అదే దిక్కు. పాస్‌పోర్ట్, వీసా జిరాక్స్ వెంట ఉంచుకోండి, అసలువి ఇంట్లో ఉండాలి. చిన్న గొడవ అయినా గొంతు పెంచవద్దు, వేలు చూపించవద్దు. బండి గుద్దుకున్నా అక్కడ అరుచుకోరు, పోలీసులను పిలిచి కాగితం రాయించుకుంటారు.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు అందరూ బంగారం గురించే అడుగుతారు. మగవాళ్లు 20 గ్రాములు, ఆడవాళ్లు 40 గ్రాముల నగలు పన్ను లేకుండా తెచ్చుకోవచ్చన్న వెసులుబాటు ఏడాదికి పైగా అక్కడ ఉండి వచ్చేవాళ్లకే. నెల, రెండు నెలలు చూసి వచ్చే మీకు అది వర్తించదు. కొంటే బిల్లు దగ్గర పెట్టుకుని కస్టమ్స్ రెడ్ చానెల్‌లో చెప్పి పన్ను కట్టండి. "ఈ గొలుసు మెడలో వేసుకుని పోండి, విమానాశ్రయం బయట మావాడు తీసుకుంటాడు" అని ఎవరన్నా, దగ్గరి చుట్టమైనా సరే, కుదరదని చెప్పేయండి. ఖర్జూరాలు, టాంగ్ డబ్బాలు, పిస్తా మాత్రం కొంచెం ఎక్కువే తెచ్చుకోండి. పోయేటప్పుడు పార్సెల్ ఇచ్చిన వీధంతా మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.